టెంకపిండి

మే నెలాఖరుకి గుణుపురంలో గాలి రెండు రకాలు.
పొద్దుటిది వంశధార మీంచి వస్తుంది,
మధ్యాహ్నంది మా ఫ్యాక్టరీ వెనక నుంచి.

గుజ్జు డబ్బాల్లోకెక్కి పట్నాలకి పోయేది.
తొక్కలూ టెంకలూ ట్రాక్టరెక్కి
రైలు పట్టాల అవతలకి పోయి
ఈగలై తిరిగొచ్చేవి.
"మామిడి ఫ్యాక్టరీవాళ్లకి ఇల్లివ్వం" అనేవారు,
ఒడియాలో ఒకరు, తెలుగులో ఒకరు.

నిరుడు ఆ ట్రాక్టరు అమ్మేశాం.
తొక్క ఎండి, నలిగి,
పసుపు కన్నా రవంత ఎర్రగా
బిస్కట్ల కంపెనీకి పోతోంది.
టెంక చిప్ప బాయిలరు కింద మండి
ఆ వేడితోనే ట్రేలని ఆరబెడుతోంది.
లోపలి జీడిని పిండి పట్టిస్తే ఎంతొస్తుందో
పాణిగ్రాహి గారు లెక్కగడుతూ
తన వేళ్లు చాలక నా వేళ్లు అడిగారు.

అంతా బాగుంది, పిండి తప్ప.
చేదు.
యంత్రంతో వచ్చిన కాగితంలో
"నీట నానబెట్టవలెను" అని ఉంది.
ఏ నీట? ఎన్నాళ్లు?
కాగితం అంతకు మించి నోరు విప్పలేదు.

సింగారి వడక అప్పటికి
తొక్కలేరే పనిలో ఉంది, రోజు కూలికి.
తొట్టిలో చెయ్యి ముంచి, నాలిక్కి అద్దుకుని
తుపుక్కున ఉమ్మింది.
"నిలవ నీళ్లు చేదు మింగవు బాబూ.
నీళ్లు నడవాల."

బుట్టకి గుడ్డ కట్టి, రాయి బరువు పెట్టి
పంపు కింద రాత్రంతా వదిలింది.
రెండో రాత్రి కూడా.
మూడో పొద్దున పిండికి ఏ రుచీ లేదు.
రుచి లేకపోతే ఇంత సంబరమని
నాకా రోజే తెలిసింది.

అన్ని నీళ్లు మాకెక్కడివి?
మూడు తొట్లు మెట్లుగా కట్టాం.
కొత్త నీళ్లు పై తొట్టికి,
అవే దిగి దిగి
అన్నిటికన్నా చేదున్న కింది తొట్టికి.
సింగారి చూసి,
"వాగుని కుర్చీలో కూచోబెట్టారు" అంది.

ఎవరు నేర్పారని అడిగాను.
"వానాకాలం."
గాదెలో చోళ్లు అయిపోయి
కొత్త పంట ఇంకా పచ్చగా ఉన్న నెలలు.
"టెంక అంబలి తాగామంటే బళ్లో నవ్వేవోళ్లు.
ఇప్పుడు కిలో ఎంతకమ్ముతావు?"

చెప్పాను.
ఆమె రెండ్రోజుల కూలి.
చెప్పకుండా ఉండాల్సింది.

మొదటి బిస్కట్లు వచ్చాయి, అట్టపెట్టెలో,
ఆకుపచ్చ అక్షరాలతో.
అందరం తిన్నాం.
ఆమె తనది కొంగున ముడేసుకుంది.
ఎవరికిచ్చిందో తెలీదు.

జులైలో ముసురు.
మూడ్రోజులు చిప్పలు తడిసి
బాయిలరు దగ్గుతూ మండింది.
నాలుగు క్వింటాళ్ల పిండి ఆరిందనిపించాం.
మీటరు సరే అంది.
లారీ ఇంజను ఆపకుండా గేటు దగ్గర నిలబడింది.

సింగారి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.
"ఇద్దరు" అంది.
ఇద్దరెవరు?
"మా చిన్నమ్మ. చిన్నమ్మ కొడుకు.
ఆ యేడు కుండలో ఇదే వాసన.
ఆకలికి మేం ముక్కు మూసుకున్నాం."

పాణిగ్రాహి గారు మీటరు కేసి చూశారు,
లారీ కేసి, ఆమె కేసి.
నేను మీటరు జేబులో వేసుకున్నాను.

బస్తాలన్నీ బాయిలర్లోకి మోశాం.
ఆ రాత్రి ట్రేలు ఎంత బాగా ఆరాయో!

కాగితంలో "నీట నానబెట్టవలెను" కింద
పెన్నుతో రాశాను:
నడిచే నీళ్లు. రెండు రాత్రులు.
ఆపైన సింగారికి చూపించాలి.

హాజరుపట్టీలో ఆమె ఇంకా
తొక్కలేరే కూలీయే.
మార్చుదాం, ఏమని రాయమంటావని
పాణిగ్రాహి గారు అడిగారు.
పెన్ను మూత తీసి పెట్టుకుని
ఇద్దరం కూచున్నాం.
ఒడియాలో వెతికాం, తెలుగులో వెతికాం.
బయట ఆమె ఒక్కో ట్రే దగ్గరా వంగి
వాసన చూస్తూ వెళ్తోంది.